టానర్స్ రో చివరి ఇంటి చిమ్నీ

ముందు పోయినవి చెబుతాను. మా బావ ఎడమ కాలి వేళ్లలో మూడు పోయాయి. చిటికెన వేలు, దాని పక్కది, ఆ పక్కది. ఒంటి బరువులో పద్దెనిమిది కిలోలు పోయాయి. మేస్త్రీ పని పోయింది, ఎందుకంటే నిచ్చెన ఎక్కలేనివాణ్ణి ఏ కంపెనీ పెట్టుకోదు. ఊళ్లో ఉన్న మా అక్కకు నిద్ర పోయింది. నాకు పోయింది ఒక్కటే. ఏదైనా సరే కొలిచి చూస్తే తేలిపోతుందనే ధైర్యం ఉండేది. అది పోయింది.

గాలీ ధూళీ అనే మాటలను నేను ఏనాడూ లెక్కచేయలేదు. ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చి, అమ్మలక్కలు మంత్రం వేయిద్దామని లేస్తే, ముందు థర్మామీటర్ పెట్టమని కసిరేవాణ్ణి. ఇది చదివినవాళ్లు నన్ను నమ్మకపోయినా నాకు కష్టం లేదు. మీ చోట నేనున్నా నమ్మేవాణ్ణి కాదు.

మాది నిర్మల్ దగ్గర పల్లె. చదువు ఏడో తరగతితో ఆగింది. ఒమన్‌కు హెల్పర్‌గా వచ్చాను. సైట్ ఆఫీసులో పారేసిన డ్రాయింగులు రూముకు తెచ్చుకుని, ఏ గీత ఏ గోడో, ఏ గోడకు ఎన్ని బ్లాకులు పడతాయో, సిమెంటు ఎన్ని బస్తాలు కావాలో నాకు నేనే నేర్చుకున్నాను. అడుగులూ అంగుళాలూ చెబితే మీటర్లలోకి నోటి లెక్కతోనే మారుస్తాను. ఇప్పుడు మా కంపెనీలో కొలతలు తీసేది నేనే. నా వయసు నలభై ఎనిమిది.

బావ నాకంటే రెండేళ్లు పెద్ద, మా అక్క మొగుడు. పేరు రాజన్న. పనిలో దిట్ట. అతన్ని ఒమన్‌కు పిలిపించింది నేనే. బావ విమానం ఎక్కేముందు అక్క నాతో ఫోనులో ఒకే మాట అంది.

"తమ్మీ, పైసలు తెచ్చినా తేకున్నా మనిషిని మనిషి లెక్క తోలియ్యి."

ఈ కథ మొత్తం ఆ ఒక్క మాట గురించే.

అల్ సువైక్ దాటాక, ఖర్జూరం తోటలు అయిపోయి సముద్రం మొదలయ్యే చోట మా కంపెనీకి ఒక పని దొరికింది. కుటుంబాలతో వచ్చి, తిరిగి, తిని, ఫొటోలు దిగి పోయే చోటు. అందులో ఒక భాగంగా ఇంగ్లండులోని ఒక పాత వీధిని ఉన్నదున్నట్టు కట్టాలి. ఏ ఊరి వీధో పేరు చెప్పను. ఆ ఊరివాళ్లు మాకే తప్పూ చేయలేదు. ఉత్తరం వైపు, నది ఒడ్డున ఉన్న పాత పట్నం అని మాత్రం చెబుతాను.

ఆ వీధి పేరు టానర్స్ రో. అంటే తోళ్లు పదును చేసేవాళ్ల వరస. తమాషా ఏమిటంటే, ఆ వీధి ఆ ఊళ్లో కూడా ఇప్పుడు లేదు. ఎప్పుడో పెద్ద రోడ్డు కోసం పడగొట్టేశారు. పాత ఫొటోలు, పాత నక్షాలు పట్టుకుని, అక్కడ లేని వీధిని మేం ఇక్కడ లేపుతున్నాం.

నక్షాలు తెచ్చినాయన ఆర్థర్ సాబ్. డెబ్బై దాటిన మనిషి, పుట్టింది ఆ ఊళ్లోనే. మస్కట్‌లో చాలా ఏళ్లు ఉండి, మాలాంటివాళ్లతో పనిచేసి, హిందీ తంటాలు పడి మాట్లాడతాడు. ఆయనకు ఆ ఊరి పాత వీధులంటే పిచ్చి. పనికి వచ్చిన మొదటి రోజుల్లో నేల మీద సున్నంతో గీత కొడుతుంటే, వీధి మధ్యలో ఒక వంపు వచ్చింది. డ్రాయింగులో తప్పేమో, సరిచేయమంటారా అని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

ఆ వంపు ఒక వాగుదట. ఇళ్లు కట్టకముందు అక్కడ సన్నటి వాగు పారేదట. వాగు పక్కనే బాట పడింది, బాట పక్కన ఇళ్లు లేచాయి, ఆ తర్వాత వాగును రాళ్లతో కప్పేశారు. నీళ్లు కనపడకుండా పోయాయి కానీ వంపు మిగిలింది. పాత వీధి ఏదీ ఊరికే వంకర తిరగదు, కిందేముందో చూసుకుని తిరుగుతుంది అన్నాడాయన.

అట్లాంటివి చాలా చెప్పేవాడు. కింద జాగా ఇరుకు కాబట్టి పై అంతస్తులు ముందుకు తోసి కట్టుకునేవారట. ఎదురింటివాళ్లు కిటికీల్లోంచి చేతులు కలుపుకోవచ్చట. తోళ్లు నానబెట్టే గుంతల కంపు భరించలేక ఆ పనివాళ్లను ఊరి దిగువకు, నది పక్కకు నెట్టారట. చలికాలం నది పొంగితే ముందు మునిగేది వాళ్ల ఇళ్లే. పని పోయింది, మనుషులు పోయారు, పేరు మాత్రం గోడ మీద పలకై మిగిలిందట. నాకు ఆ కబుర్లు బాగుండేవి. మా ఊళ్లోనూ కుమ్మరివాడ ఉంది, కుండ చేసేవాడు ఒక్కడూ లేడు.

ఆ వీధి సూటిగా పోయి ఒక ఇంటి గడపకు తగిలి ఆగిపోతుంది. అదే చివరి ఇల్లు. మన దగ్గర దాన్ని వీధిపోటు అంటారు. డ్రాయింగు చూడగానే బావ పెదవి విరిచాడు.

"గీ ఇల్లు మా దిక్కు పుక్కట్ల ఇచ్చినా ఎవ్వడు తీస్కోడు," అన్నాడు.

"నిన్నెవడు తీస్కోమన్నడు బావా? కట్టుమన్నరు, అంతే," అన్నాను.

"కట్టెటోనికి దిష్టి తగల్దారా? ఉత్త కొలతల మనిషివి, నీకేం ఎర్క."

ఆర్థర్ సాబ్‌కు ఆ మాట హిందీలో చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎక్కువ కాలం ఉండలేదని, గాలీ వానా వరదా అన్నీ నేరుగా ఆ గడపకే వచ్చేవని తన తాత చెప్పేవాడన్నాడు.

మా మేస్త్రీలకు ఒక పద్ధతి ఉంది. ఇల్లు లేస్తున్నప్పుడు చూసేవాళ్ల కన్ను పడకుండా ఒక పాత చెప్పును నల్లదారంతో బయట కడతారు. తలకిందులుగా, వీధిలోకి కనపడేట్టు. ఆ చెప్పు ఎవరో వదిలేసింది అయ్యుండాలి. తొడుక్కునేవాడి సొంత చెప్పు కట్టరు. బావ తన సర్వీసులో ఏ ఇంటికీ అది కట్టకుండా ఊరుకోలేదు.

ఇక్కడ మాత్రం సేఫ్టీవాళ్లు పరంజికి ఏదీ వేలాడదీయొద్దన్నారు. ముందువైపు పాత ఫొటోలో ఉన్నట్టే ఉండాలని సైట్ ఇంజినీర్ హుకుం. పైగా క్యాంపులో ఎవరూ చెప్పులు వదిలేయరు, తెగితే కుట్టుకుని తొడుక్కుంటారు. సరిగ్గా చివరి ఇంటి చిమ్నీ కడుతున్న పొద్దున బావ ఎడమ చెప్పు వారు తెగింది. నీలం వారు, ఎనిమిదో నంబరు. చిమ్నీ అంటే ఆ దేశంలో చలిమంట వేసుకునే గూడూ, దాని మీద పొగ పోయే గొట్టమూ. ఇక్కడ అది ఉత్త సోకు, పొగ పోయేదేమీ లేదు. గూడు పక్కన రెండు బ్లాకుల మధ్య సందు మిగిలింది. బావ ఆ చెప్పును అందులో పెట్టి, సిమెంటు మాలు కొట్టి మూసేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"బయట కట్టేది లోపట వెడ్తున్నవేంది బావా?" అన్నాను.

"దిష్టి లోపటికెళ్లి పోదారా? వైఫై లెక్క గోడలకెళ్లి పోతది తియ్యి," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

బయట కట్టాల్సింది లోపల పెట్టడం, వదిలేసిన చెప్పుకు బదులు సొంత చెప్పు పెట్టడం. ఆ పూట మాకు అవి తప్పులుగా తోచలేదు.

ఎండాకాలం వచ్చింది. ఇక్కడ ఆ నెలల్లో మిట్టమధ్యాహ్నం బయట పని ఆపేస్తారు. మేం కట్టిన ఇళ్లలోనే నీడకు పడుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం చివరి ఇంట్లో నేల మీద తడి అడుగులు చూశాను. గడప దగ్గర్నుంచి బావ పడుకున్న చోటిదాకా వరసగా ఉన్నాయి. అన్నీ ఎడమ కాలివే. కుడి కాలిది ఒక్కటీ లేదు. ఆ వేడికి నేల మీద నీళ్లు పోస్తే చూస్తుండగానే ఆరిపోతాయి. ఆ అడుగులు ఆరడం లేదు.

"ఏంది బావా, ఒక్క కాలే కడుక్కున్నవు? ఇంకోటి మా అక్క అచ్చి కడుగుతదా?"

"నేనేడ కడుక్కున్నరా? తాగెతందుకే నీళ్లు లేవు," అని లేచి కూర్చుని కాలు చూసుకున్నాడు. అరికాలు నాట్లేసి ఒడ్డెక్కిన మనిషి కాలిలా ముడతలు పడి, తెల్లగా ఉంది. ముట్టుకుంటే చేతికి జివ్వుమంది.

తర్వాత కాలు తిమ్మిరెక్కింది. చిటికెన వేలూ దాని పక్కదీ మైనం ముద్దల్లా పాలిపోయి, ఆ తర్వాత నల్లబడ్డాయి. క్లినిక్‌కు తీసుకుపోతే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాడా అని. కాదు, తాపీ పని అన్నాను. ఆయన నా మొహం వైపు అదోలా చూశాడు. పెద్దాసుపత్రికి పంపాడు. షుగర్ లేదు. బీడీ, సిగరెట్ అలవాటు లేదు. కాలి రక్తనాళాలకు స్కానింగ్ తీశారు, ఎక్కడా మూసుకుపోలేదు. మంచులో నిలబడ్డవాళ్ల కాళ్లు ఇట్లా అవుతాయని అక్కడి పెద్ద డాక్టరు అన్నాడు. బయట ఎండ నలభై ఆరు ఉంది.

రెండు వేళ్లు తీసేశారు. కట్టు కట్టి రూముకు పంపారు. ఇంటికి పంపేద్దామంటే ఈ స్థితిలో విమానం వద్దన్నారు. నలుపు పైకి పాకితే పాదం, ఇంకా పాకితే ప్రాణం అని నాతో విడిగా చెప్పారు. అక్కతో మాత్రం బ్లాకు కాలి మీద పడిందని చెప్పాను. నమ్మలేదు.

"బ్లాకు వడితే వీడియో కాల్ల కాలు ఎందుకు సూపిస్తలేడు? మొకమే సూపిస్తున్నడు," అంది.

మా సైట్‌లో కాంక్రీటు ఎంత వేడి ఉందో చూసేందుకు పిస్తోలులాంటి థర్మామీటర్ ఉంటుంది. ఎక్కడ గురిపెడితే అక్కడి వేడి అంకెల్లో చూపిస్తుంది. అది నా నడుముకే ఉంటుంది. ఒక సాయంత్రం రూములో బావ కాలు మంచుగడ్డలో పెట్టినట్టుందని ఏడుస్తుంటే, ఏం చేయాలో తోచక ఆ పాదానికి గురిపెట్టాను. కుడి పాదం ముప్పై మూడు. ఎడమ పాదం ఆరు. బ్యాటరీ మార్చాను. ఆరు. నా చేతికి పెట్టి చూశాను, ముప్పై నాలుగు. మళ్లీ బావ కాలికి పెట్టాను. ఆరు.

బతికున్న మనిషి ఒంటి మీద ఆరు డిగ్రీలు ఎట్లా ఉంటుంది? ఆసుపత్రివాళ్లకు చెప్పాను. కాంక్రీటు మిషన్లు మనుషులకు పనికిరావన్నారు.

మూడో వేలు నల్లబడింది, బావను మళ్లీ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. అదే వారం పెయింటర్లు నన్ను పిలిచారు. చివరి ఇంట్లో చిమ్నీ గోడ మీద ఒకచోట రంగు పట్టడం లేదని, ప్లాస్టర్ ఆరడం లేదని, పైపేమైనా లీకవుతుందేమో చూడమని. ఆ ఇంటికి నీళ్ల పైపు అసలు లేదు. అది లెక్క రాసింది నేనే కాబట్టి నాకు తెలుసు. గోడ మీద జానెడు మేర చెమ్మ. థర్మామీటర్ తీసి గోడంతా చూశాను. నలభై మూడు, నలభై మూడు, నలభై రెండు. చెమ్మ ఉన్న చోట ఆరు.

అది బావ చెప్పు పెట్టి మూసిన సందు.

సైట్ ఇంజినీర్ దగ్గరికి పరుగెత్తాను. గోడ పగలగొడతానని, నేనే మళ్లీ కడతానని, నా ఖర్చుతో కడతానని బతిమాలాను. యజమాని మనుషులు చూడడానికి వచ్చే వారం అది. ఆయన ఒప్పుకోలేదు. చెప్పు సంగతి చెబితే నన్ను కూడా డాక్టరుకు చూపించమన్నాడు. ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ ముదీర్, అంటే ఏ పై అధికారి కాళ్లూ పట్టుకోలేదు. ఆయన వెనక్కి జరిగి, లేవమని, ఎవరైనా చూస్తారని అన్నాడు. అంతే.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను. నలుపు పాదం మీదికి వచ్చింది. మర్నాడు పొద్దున చీలమండ దగ్గర పాదం తీసేస్తామన్నారు. బంధువును నేనొక్కణ్ణే కాబట్టి వచ్చి సంతకం పెట్టమన్నారు.

ఆర్థర్ సాబ్ వీధి మొదట్లో ఉన్నాడు. ఎండలో గొడుగు పట్టుకుని పలకలు సరిచూస్తున్నాడు. నేను మొత్తం చెప్పాను. చెప్పు అనే మాట వినగానే ఆయన గొడుగు దించేశాడు. ఎక్కడ, చిమ్నీలోనా, ఆ ఇంట్లోనా అని రెండుసార్లు అడిగాడు.

వాళ్ల ఊరి పాత ఇళ్లలో కూడా అదే పద్ధతి ఉండేదట. తొడిగి అరిగిపోయిన బూట్ల జతలో ఒక్క జోడే తీసి, చిమ్నీ పక్కన గోడలో పెట్టి మూసేవారట. చెడు అనేది చిమ్నీలోంచి దిగుతుందని, మనిషి అనుకుని ఆ జోడును పట్టుకుని అక్కడే ఆగిపోతుందని వాళ్ల నమ్మకమట. పాత ఇళ్లు విప్పేటప్పుడు అట్లాంటివి ఆయన చాలా చూశాడు. దొరికినా బయటికి తీసుకుపోరట. చూసి, ఫొటో తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టేస్తారట. ఎందుకు అంటే ఆయన భుజాలు ఎగరేశాడు. పెట్టేస్తారు, అంతే అన్నాడు.

"ఇది మాది సాబ్. మా బావ బతికే ఉన్నాడు," అన్నాను.

ఆయన గొడుగు మడిచాడు. తర్వాత ఇంజినీర్‌కు ఫోను చేసి, చిమ్నీలో ఒక వరస పాత ఫొటోకు సరిపోవడం లేదని, తానే దగ్గరుండి విప్పిస్తానని చెప్పాడు. అది అబద్ధం. ఆయన నోట నేను విన్న ఒకే ఒక్క అబద్ధం.

పనివాళ్లంతా నీడకు పోయాక నేనే సుత్తె, ఉలి పట్టుకున్నాను. ముందు ప్లాస్టర్ ఊడింది. కింద బావ చేతి మాలు అట్లాగే ఉంది. బావ మాలును తాపీ కరణితో ఎడమ నుంచి కుడికి కాక, కుడి నుంచి ఎడమకు లాగుతాడు. ఆ గీతలు చూసి అతని పనిని ఎక్కడైనా గుర్తుపడతాను. ఎవరూ విప్పలేదు, ఎవరూ మళ్లీ కొట్టలేదు. అది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

బ్లాకు కదిలింది. లోపలి నుంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. నది బురద వాసన, దాంతోపాటు నానిన తోలు వాసన. చెయ్యి పెట్టాను. నీలం వారు చెప్పు కోసం వెతికాను. చేతికి తగిలింది వేరేది.

చిన్న పిల్ల జోడు, ఒక్కటే. నల్లటి తోలు, ముందు గుండ్రంగా, అడుగున చిన్న చిన్న మేకులు. కట్టుకునే దారం కుళ్లిపోయింది. బొటనవేలు ఉండేచోట తోలు పైకి లేచి ఉంది, చాలా నడిచిన జోడు. ఎడమ కాలిది. తడిసి ముద్దయి, నా చేతిలో నీళ్లు కారుతోంది. కొలిచాను, అలవాటు. అయిదున్నర అంగుళాలు.

టార్చి వేసి సందంతా చూశాను. అది మూడు వైపులా బ్లాకులతో మూసుకుపోయిన చిన్న ఖాళీ. వెనక గోడ సందు లేకుండా ఉంది. బావ చెప్పు లేదు. రబ్బరు ముక్క కూడా లేదు. ఆర్థర్ సాబ్ గడపలోనే నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఇది మీరు పెట్టారా అని అడగాలనుకున్నాను. ఆయన మొహం చూశాక అడగలేదు.

ఏం చేయాలో తెలియలేదు. దాన్ని ఖాళీ సిమెంటు సంచిలో చుట్టుకుని, డ్రైవర్‌ను బతిమాలి ఆసుపత్రికి పోయాను. బావ కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. జోడు చూపించాను. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"గిది పొల్లగాల్లది గదరా," అన్నాడు చివరికి. "గీ పొల్లకెంత సలి వెట్టిందో."

నేను ఫోనులో అక్కకు నిజం చెప్పేశాను. ఇక దాచే ఓపిక నాకు లేదు. అక్క ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"రెండో చెప్పు ఏడున్నది?" అంది.

"రూములున్నది అక్కా."

"గది గూడ అండ్లనే వెట్టు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత. జత ఇడిసిన్రు గావట్టె గిట్లయ్యింది. జత గలిస్తే తిరిగొస్తడు."

స్పీకర్‌లో విన్న బావ తల అడ్డంగా ఊపాడు. "మీ అక్కకు లెక్క రాదురా. ఒక్క చెప్పుకు ఒక్క కాలు వోతున్నది. రెండోది వెడితే? నన్ను గద్దె మీద కూసుండవెట్టి షేకు లెక్క మోస్తరా మీరు?"

నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. నేను బయటికి వచ్చి గోడకు తల ఆనించాను. అక్క మాట వినాలా, బావ మాట వినాలా? కొలిచే దారి లేదు. పొద్దున సంతకం పెట్టాలి. తేల్చాల్సింది నేను, చేతిలో ఉన్నది పిల్ల జోడు.

రూముకు పోయి కుడి చెప్పు జేబులో పెట్టుకున్నాను. పొద్దు గూకకముందే సైటుకు చేరాను. ఆర్థర్ సాబ్ ఇంకా అక్కడే, గడప మీద కూర్చుని ఉన్నాడు. మాలు కలిపాను. నేను మేస్త్రీని కాను. పిల్ల జోడును మొదట ఎట్లా ఉందో అట్లాగే, ముందు భాగం గది వైపు ఉండేట్టు పెట్టాను. జేబులోంచి బావ కుడి చెప్పు తీశాను. సందు ముందు ఎంతసేపు పట్టుకుని నిలబడ్డానో తెలియదు. ఆర్థర్ సాబ్ లేచి లోపలికి వచ్చాడు. బ్లాకు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు, ఆ ముసలి చేతులతో. నేను చెప్పును మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఆయన బ్లాకు కూర్చాడు, నేను మాలు కొట్టాను.

అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి పోయాను. కట్టు పక్కన కనపడుతున్న చర్మానికి థర్మామీటర్ పెట్టాను. పదకొండు. కాసేపటికి పదిహేను. తర్వాత పంతొమ్మిది. అక్కడ ఆగింది. పొద్దున డాక్టర్లు వచ్చి, కట్టు విప్పి, ఒకరినొకరు చూసుకున్నారు. నలుపు ఆగిపోయిందన్నారు, పాదం తీయాల్సిన పని లేదన్నారు. మూడో వేలు మాత్రం తీశారు. మందులు పనిచేశాయన్నారు. అయ్యుండొచ్చు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను.

బావ ఊతకర్రతో ఇంటికి చేరాడు. అక్కకు మనిషిని అప్పజెప్పాను. మనిషి లెక్క అప్పజెప్పానా అంటే చెప్పలేను. ఆ కాలు పంతొమ్మిది దాటి ఎప్పుడూ ఎక్కలేదు. అక్క కోసం అట్లాంటి థర్మామీటర్ ఒకటి కొని పంపాను. ఆమె అంకెలు చదివి ఫోనులో చెబుతుంది. నిర్మల్‌లో రోళ్లు పగిలే ఎండలోనూ పంతొమ్మిదే. కొన్ని పొద్దుల్లో ఆ పాదం తడిసి ఉంటుందట, వేళ్ల సందుల్లో బూడిదరంగు బురద ఉంటుందట. మా దగ్గర నల్లరేగడి తప్ప వేరే మట్టి లేదు. అక్క వేడినీళ్లతో కడుగుతుంది. అప్పుడప్పుడు మాత్రం నన్ను అడుగుతుంది, ఆ రోజు రెండోది ఎందుకు పెట్టలేదు తమ్మీ అని.

ఆర్థర్ సాబ్ పని అయిపోయాక తన ఊరికి వెళ్లిపోయాడు. ఒకసారి ఫోను చేశాడు. పాత కాగితాలు చూశాడట. టానర్స్ రోను పడగొట్టినప్పుడు నేల మట్టం దాకానే కొట్టారు, పునాదులూ గూళ్ల కింది భాగాలూ తీయకుండా పైన మట్టి పోసి రోడ్డు వేశారు. ఆ చివరి ఇల్లు ఉన్న చోటికి తానే పోయి నిలబడ్డానన్నాడు. నాలుగు వరసల బండ్లు పోతున్నాయట. బావ చెప్పు కోసం తవ్వి చూడమని ఎవరిని అడగాలో, ఏమని అడగాలో తనకు తెలియడం లేదన్నాడు. ఆయన వెనక వాన చప్పుడు వినపడింది. ఆ రోజు అక్క చెప్పిన అంకె పధ్నాలుగు.

వీధి తెరిచారు. సెలవు రోజుల్లో జనం బాగా వస్తారు. కంపెనీ వేరే సైటుకు పొమ్మంటే పోకుండా, జీతం తక్కువైనా ఇక్కడే మరమ్మతు పనిలో చేరాను. రోజూ పొద్దున ఆ గోడకు థర్మామీటర్ పెడతాను. జనం ఆ చిమ్నీ ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఆ జోడు ఎవరిదో, ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. బావ చెప్పు ఎక్కడికి పోయిందో తెలియదు. ఎన్నిసార్లు వేసినా లెక్క ఒకేచోట ఆగుతుంది. మేం తీసింది ఒకటి, దాన్ని తిరిగి పెట్టేశాం. మాకు రావాల్సింది ఇంకా ఒకటి ఉంది.